పచ్చళ్ళ యూనిట్‌లో మానిటరింగ్: ఏం చూడాలి, ఎప్పుడు చూడాలి, ఎవరు చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. రాజమండ్రి దగ్గర పది పన్నెండు మంది ఆడవాళ్ళతో పచ్చళ్ళ యూనిట్ నడుపుతున్నారు. ఆవకాయ, గోంగూర, టమాటాతో పాటు ఈమధ్య చికెన్, రొయ్యల పచ్చళ్ళు కూడా మొదలుపెట్టారు. ఒక పెద్ద స్టోర్‌కి సరుకు ఇద్దామనుకుంటే వాళ్ళ ఆడిటర్ వచ్చి, రిజిస్టర్లన్నీ తిరగేసి, "రికార్డులు ఉన్నాయి, మానిటరింగ్ లేదు" అని రిపోర్టులో రాసి వెళ్ళాడు. రోజూ ఇంత రాస్తున్నా లేదంటాడేంటి, నెలనెలా ల్యాబ్ రిపోర్టు తెప్పిస్తున్నాం కదా, అది చాలదా అని అడిగారు.

చాలదమ్మా. ఆడిటర్ చెప్పింది సరైన మాటే. కాకపోతే ఎందుకన్నాడో విడమరిచి చెప్పలేదు. పచ్చళ్ళు, మసాలాలు, రొయ్యల ప్లాంట్లలో చాలా ఏళ్ళు క్వాలిటీ పని చేసినవాడిని కాబట్టి నేను చెప్తాను. కొంచెం పెద్దగా ఉంటుంది, ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా చికెన్ పచ్చడి గురించి రాసినది మీతో పాటు మీ దగ్గర పనిచేసేవాళ్ళు కూడా చదవాలి.

ముందు ల్యాబ్ రిపోర్టు సంగతి. నెలకి ఒక సీసా పంపిస్తారు, వారానికి రిపోర్టు వస్తుంది. అప్పటికి ఆ బ్యాచ్ అమ్ముడైపోయి, ఎవరింట్లోనో అన్నంలో కలుపుకుని తినేసి ఉంటారు. రిపోర్టులో తేడా వచ్చినా మీరు చేయగలిగింది ఏముంది? పైగా వంద సీసాల్లో ఒకటి చెడిందనుకోండి, మీరు పది సీసాలు తీసి పరీక్ష చేయించినా ఆ చెడ్డ సీసా ఆ పదిలో లేకుండా పోయే అవకాశం 90 శాతం. ఒక్క సీసా పంపితే ఇక చెప్పక్కర్లేదు. 1960ల మొదట్లో నాసా వాళ్ళు వ్యోమగాములకి తిండి తయారు చేయించేటప్పుడు సరిగ్గా ఇదే చిక్కొచ్చింది. తయారైన సరుకు సురక్షితమని పరీక్షలతో నిరూపించాలంటే బ్యాచ్‌లో చాలా భాగం పరీక్షలకే పోతుంది, తినడానికి మిగలదు. అందుకని పిల్స్‌బరీ కంపెనీ, నాసా, అమెరికా సైన్యం వారి నేటిక్ ప్రయోగశాల కలిసి దారి మార్చాయి. ప్రమాదం ఏ దశలో పుడుతుందో ముందే గుర్తించి, ఆ దశలోనే కాపలా కాయడం అన్న పద్ధతి అలా వచ్చింది. ఇప్పుడు అందరూ హ్యాసప్ అంటున్నది దాన్నే. అంతర్జాతీయంగా ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ సంస్థ 1993లో దాన్ని ప్రపంచానికంతటికీ మార్గదర్శకంగా తీసుకుంది. అందులో ఏడు సూత్రాలుంటే నాలుగోది మానిటరింగ్.

నా మటుకు నేను మానిటరింగ్‌కి పెట్టుకున్న పరీక్ష ఒక్కటే. సరుకు ఇంకా మీ గంగాళంలో ఉండగానే తేడా తెలియాలి, తెలిసినవాళ్ళు దాన్ని అక్కడికక్కడ ఆపగలగాలి. ఈ రెండూ ఉంటే అది మానిటరింగ్. మీరు పంపిన ఫోటోలో రిజిస్టర్ పేజీ చూశాను. నేల కడిగారా, గ్లౌజులు వేసుకున్నారా, ఈగల వల ఉందా, నూనె మార్చారా అని చాలా గడులున్నాయి. పేజీ మొత్తం ఒకే పెన్ను, ఒకే చేతిరాత, ప్రతి గడిలో "ఓకే". అందులో ఒక్క అంకె లేదు, ఒక్క టైమ్ లేదు. శుభ్రతకి సంబంధించిన ఆ గడులు అవసరమే, తీసేయమనడం లేదు. ఫుడ్ సేఫ్టీ చట్టం కింద షెడ్యూల్ 4 అడిగేవి చాలావరకు అవే. కానీ అవన్నీ సరిగ్గా ఉన్నా చికెన్ పచ్చడి మనిషిని చంపగలదు. దాన్ని ఆపే గడి మీ రిజిస్టర్‌లో లేదు. ఆడిటర్ అడిగింది ఆ గడినే.

ఇక చికెన్ పచ్చడి దగ్గరికి వద్దాం, ఎందుకంటే మీ యూనిట్‌లో అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ఆవకాయకి మామిడికాయే కాపలా. పులుపుని కొలిచే అంకెని పీహెచ్ అంటారు, అది ఎంత తగ్గితే అంత పులుపు. పచ్చి మామిడి పీహెచ్ 3 దగ్గర ఉంటుంది, పైన ఉప్పు దండిగా పడుతుంది. గోంగూరా అంతే. మన అమ్మమ్మలు ఏ మీటరూ లేకుండా ఏడాది పొడుగునా జాడీలో నిలవ ఉంచగలిగారంటే కారణం ఆ పులుపు, ఆ ఉప్పే. చికెన్‌లో పులుపు లేదు, దాని పీహెచ్ 6 దగ్గర. దాన్ని వేయించి, కారం మసాలాలు కలిపి, మునిగేలా నూనె పోసి, మూత బిగించి బయట అరలో పెడుతున్నాం. గాలి తగలని, పులుపు లేని, తేమ ఉన్న చోటు క్లాస్ట్రిడియం బొటులినమ్ అనే బ్యాక్టీరియాకి కావలసినంత అనువుగా ఉంటుంది. దాని బీజాలు మట్టిలో ఉంటాయి, అల్లం వెల్లుల్లి మీద ఉంటాయి, మసాలా దినుసుల మీద ఉంటాయి. మామూలుగా మరిగిస్తే చావవు. ప్రెషర్‌లో 121 డిగ్రీల దగ్గర నిమిషాల పాటు ఉంచితేనే చస్తాయి. మీరు నూనెలో ఎర్రగా వేయించినా ముక్క లోపల నీరు ఉన్నంతసేపు ఆ లోపలి వేడి 100 దాటదు. పైగా మసాలా, వెల్లుల్లి తర్వాత కలుస్తాయి. బతికిన బీజం సీసాలో మొలకెత్తి విషం తయారుచేస్తే చూపు మసకబారడం, రెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం, చివరికి ఊపిరి ఆడకపోవడం. పచ్చడి వాసనలో, రుచిలో ఏ తేడా తెలియకపోవచ్చు.

ఇది పుస్తకాల భయం కాదు. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో తిన్న 36 మందికి బొటులిజం, అంటే ఈ విషం వల్ల వచ్చే జబ్బు, వచ్చింది. కారణం నూనెలో వేసిన వెల్లుల్లి ముక్కల సీసా. ఫ్రిజ్‌లో ఉంచాల్సిన దాన్ని బయట ఉంచారు. ఈ సందర్భంలోనే ఇంకో మాట. మన యూనిట్లలో అల్లం వెల్లుల్లి ముద్ద ముందురోజే నూరి, ఎండకుండా పైన నూనె పోసి, పొయ్యి పక్కనే ఉంచడం చాలాచోట్ల చూశాను. దయచేసి ఆ అలవాటు ఈ రోజే మానేయండి. ఏ పూటకి ఆ పూట నూరుకోండి, లేదా ఫ్రిజ్‌లో పెట్టుకోండి.

ఈ బ్యాక్టీరియాని కట్టేసే తాళ్ళు మూడు. ఒకటి ఉప్పు. పచ్చడిలోని నీటి భాగంలో 10 శాతం ఉప్పు ఉంటే ఇది పెరగదు, కానీ చికెన్ పచ్చడిలో అంత ఉప్పేస్తే ఎవరూ తినలేరు. రెండోది తేమని తగ్గించడం. "మేం నీళ్ళు ఇగిరిపోయేదాకా వేయిస్తాం కదా" అని అందరూ అనేది దీని గురించే. ముక్క పైన కరకరలాడుతున్నా లోపల ఎంత తేమ మిగిలిందో కంటికి తెలియదు. దానికి వాటర్ యాక్టివిటీ అనే కొలత ఉంది, అది 0.85 లేదా అంతకంటే తక్కువ ఉంటే బొటులినమే కాదు, స్టెఫిలోకాకస్ అనే ఇంకో బ్యాక్టీరియా విషం కూడా తయారు కాదు. ఆ మీటరు చిన్న యూనిట్లకి భారం. రెసిపీ ఖరారు చేసేటప్పుడు బయట ల్యాబ్‌లో చూపించుకోవచ్చు గానీ, రోజూ మీరే చేతిలో పట్టుకుని కొలవగలిగేది మూడోది, పులుపు. పీహెచ్ 4.6 లేదా అంతకంటే తక్కువ ఉంటే బొటులినమ్ పెరగదు. ఇదే మీ క్రిటికల్ లిమిట్, అంటే ఎట్టి పరిస్థితిలోనూ దాటకూడని గీత. దాన్ని అంచుకి తీసుకెళ్ళి ఆనించకండి. మీ లోపలి లక్ష్యం 4.2 పెట్టుకోండి. మీటరులో కాస్త తేడా ఉన్నా, ఒక ముక్కకి రసం తక్కువ పట్టినా ఆ మధ్యలో ఉన్న ఎడం కాపాడుతుంది.

"కిలోకి ఇన్ని నిమ్మకాయలు" అని మీరు రెసిపీలో రాసుకున్నారు. నిమ్మకాయ అన్ని కాలాల్లో ఒకేలా ఉండదు. సైజు మారుతుంది, రసం మారుతుంది, రసంలో పులుపు మారుతుంది. పిండేవాళ్ళ చెయ్యి మారినా మారుతుంది. అందుకే కాయల లెక్క వదిలేసి రసాన్ని గ్రాముల్లో తూచి వేయండి. తూచి వేసినా సరే, ప్రతి గంగాళానికీ పీహెచ్ చూడాల్సిందే.

ఎలా చూడాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే తప్పుగా చూసిన పీహెచ్ అసలు చూడకపోవడం కంటే ప్రమాదం, లేని ధైర్యం ఇస్తుంది. రెండు దశాంశాలు చూపించే మీటరు కొనండి. రంగు మారే కాగితాలు ఈ పనికి వద్దు. పసుపు, కారం రంగులో కాగితం రంగు ఏం తెలుస్తుంది? రోజూ పని మొదలుపెట్టే ముందు 7.00, 4.01 బఫర్ ద్రావణాలతో, అంటే పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాలతో, మీటరుని సరిచేయండి. తర్వాత మళ్ళీ 4.01లో ముంచితే 3.96 నుంచి 4.06 లోపు చూపించాలి. అలా రాకపోతే ఆ రోజు ఆ మీటరుతో ఏ బ్యాచ్‌నీ వదలకూడదు.

శాంపిల్ గంగాళంలో పైనుంచి, మధ్యనుంచి, అడుగునుంచి వేరువేరుగా తీయండి. జల్లెడలో వేసి నూనె కారనివ్వండి. నూనెకి పీహెచ్ ఉండదు, మీటరు గాజుబుడ్డికి పొరలా పట్టుకుని అంకెని తప్పుదోవ పట్టిస్తుంది. నూనె వడిసిన ముక్కల్ని గుజ్జుతో సహా మిక్సీలో మెత్తగా తిప్పండి. మరీ గట్టిగా ఉంటే 100 గ్రాములకి 10 నుంచి 20 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయవచ్చు, కుళాయి నీళ్ళు వద్దు. గది వేడికి, అంటే 25 డిగ్రీల దగ్గరికి వచ్చాక కొలవండి. మే నెలలో మీ గదే 38 ఉంటుంది కాబట్టి గిన్నెని కాసేపు చల్లని నీళ్ళలో ఉంచండి. అంకె నిలకడగా ఆగాకే రాయండి. ప్రతి శాంపిల్ తర్వాత ఎలక్ట్రోడ్‌ని, అంటే మీటరు గాజుబుడ్డిని, డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. నూనె జిడ్డుగా ఉంటే గిన్నెలు తోమే ద్రావణం రెండు చుక్కలు కలిపిన నీళ్ళలో కాసేపు ఉంచి కడగండి. పని అయ్యాక దానితో పాటు వచ్చిన పొటాషియం క్లోరైడ్ ద్రావణంలోనే ముంచి ఉంచండి. డిస్టిల్డ్ వాటర్‌లో నిలవ పెడితే ఎలక్ట్రోడ్ పాడవుతుంది.

ఎప్పుడు కొలవాలన్నది ఇంకా ముఖ్యం. నిమ్మరసం కలిపిన వెంటనే కొలిస్తే గుజ్జు 3.6 అంటుంది, మీరు సంతోషపడతారు. ముక్క లోపల ఇంకా 5.8 ఉంటుంది. రసం లోపలికి దిగడానికి టైమ్ పడుతుంది. కలిపిన 24 గంటలకి ఒక పెద్ద ముక్కని కోసి, దాని నడిమి భాగం మాత్రమే తీసి నూరి కొలవండి. గుజ్జుని విడిగా కొలవండి. రెండు అంకెలూ ఒకటయ్యేదాకా ఆ బ్యాచ్ రెడీ కానట్టే. అప్పటిదాకా గంగాళం బయట ఉండకూడదు, 5 డిగ్రీలు దాటని చల్లదనంలో మూత పెట్టి ఉంచాలి. ముక్కలు చిన్నవిగా, ఒకే సైజులో కోయిస్తే ఈ నిరీక్షణ తగ్గుతుంది. ఎముక ఉన్న ముక్కలు, ఎముక లేని ముక్కలు ఒకే బ్యాచ్‌లో కలపకండి.

పులుపు తక్కువ వస్తే ఏం చేయాలో ముందే గోడకి రాసి అంటించండి, అప్పటికప్పుడు ఆలోచించడం మొదలుపెడితే కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఉంటాడు, మనసు ఊగుతుంది. 4.2 లోపు ఉంటే సీసాలకి ఎక్కించండి. 4.2 నుంచి 4.6 మధ్య ఉంటే ఇంకొంచెం రసం తూచి కలిపి, ఇంకో రోజు చల్లగా ఉంచి, మళ్ళీ మూడు చోట్లా చూడండి. 4.6 దాటితే బ్యాచ్‌కి ఎర్ర చీటీ కట్టి పక్కన పెట్టండి. మొదటినుంచీ చల్లగానే ఉన్నట్టు రీడింగులు ఉంటేనే రసం కలిపి సరిదిద్దాలి. రాత్రంతా బయట ఉండిపోయిందని తెలిస్తే మాత్రం పారేయాలి. నష్టమే, కాదనను. కానీ కాచి వడ్డిద్దామనో, ఇంకో బ్యాచ్‌లో కొంచెం కొంచెం కలిపేద్దామనో అనుకోకండి.

రొయ్యల పచ్చడికీ ఇదే లెక్క. దోసకాయ, కాకరకాయ, కొత్తిమీర లాంటి పచ్చళ్ళకి కూడా ఇదే, కూరగాయ కదా అని వదిలేయకండి, వాటిలో సొంత పులుపు లేదు. టమాటా మధ్యస్తం. బాగా పండిన టమాటా 4.6 అటూఇటూ ఊగుతుంది. చింతపండు తక్కువ పడిన రోజున గీత దాటే అవకాశం ఉంది, అందుకని దానికీ ప్రతి బ్యాచ్ చూడండి. ఆవకాయకి సీజన్లో అప్పుడప్పుడు చూస్తే చాలు. ఆవకాయతో వచ్చే అసలు తంటా బూజు. తడి చెయ్యి తగిలో, నూనె తేలకో పైన బూజు పడితే, దాన్ని గరిటెతో తీసేసి మళ్ళీ నూనె పోసి సర్దేయడం మన ఇళ్ళలో అలవాటు. ఇంట్లో ఏం చేసుకున్నా, అమ్మే సరుకులో అలా చేయకూడదు. బూజు ఆ పులుపునే తిని బతుకుతుంది, తిన్న చోట పీహెచ్ పెరుగుతుంది, మామిడికాయ పెట్టిన కాపలా అక్కడ పోతుంది.

ఎంత తరచుగా చూడాలి అని మీరు విడిగా అడిగారు. దీనికి పుస్తకంలో అంకె దొరకదు. నేను ఇలా లెక్కేస్తాను: ఒకసారి చూసినప్పుడు తేడా కనిపిస్తే, అంతకుముందు బాగుందని చూసిన క్షణం నుంచి ఇప్పటిదాకా తయారైందంతా అనుమానమే. ఎంత సరుకు పక్కన పెట్టి మళ్ళీ చూసుకునే ఓపిక మీకుందో అంత ఎడం పెట్టుకోండి. మీ మెటల్ డిటెక్టర్ సంగతే తీసుకుందాం. పొద్దున 10కి ఇనుము ముక్క, స్టీలు ముక్క, ఇత్తడి లాంటి వేరే లోహం ముక్క, మూడూ పెట్టి చూశారు, మూడిటికీ కూత వేసింది. మళ్ళీ మధ్యాహ్నం 2కి చూస్తే స్టీలు ముక్కకి కూయలేదు. ఈ నాలుగు గంటల్లో ప్యాక్ చేసిన ప్రతి సీసానీ బాగుచేసిన మిషన్ మీదుగా మళ్ళీ పంపాలి. అందులో సగం ఇప్పటికే ఆటోలో వెళ్ళిపోయి ఉంటే? గంటకోసారి చూసి ఉంటే ఒక్క గంట సరుకుతో పోయేది. పని మొదట్లో, గంటగంటకీ, చివర్లో, మిషన్ ఆగి మళ్ళీ నడిచినప్పుడు చూడండి. కారం, ఆవపిండి ఆడే గ్రైండరు పళ్ళు అరిగి స్టీలు రవ్వ రాలడం మన పచ్చళ్ళలో నిజంగా జరిగే పని. డిటెక్టర్ కొనలేని యూనిట్లు కనీసం జల్లెడ, అయస్కాంతం పెట్టుకుని, అయస్కాంతానికి ఏం అంటుకుందో ప్రతి మూటకీ చూసి రాసుకోవాలి.

పచ్చి చికెన్, రొయ్యలు దిగేటప్పుడు చూడాల్సింది ఒకటే, ముక్క మధ్యలో వేడి. పెట్టె మీద ఐసు కనిపించిందని సంతకం పెట్టేయకండి, మధ్యలో ఉన్న ప్యాకెట్ తీసి థర్మామీటర్ పుల్ల గుచ్చి చూడండి. 5 దాటి ఉంటే వెనక్కి పంపండి. రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు కూడా ఉండొచ్చు, మన జిల్లాల చెరువుల సంగతి మీకు తెలియనిది కాదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వాడటం నిషేధం. దాన్ని గుమ్మంలో నిలబడి మీరు కొలవలేరు. అక్కడ మీ ఆయుధం సప్లయర్ ఎంపిక: ఏ చెరువు రొయ్య అన్నది రాతపూర్వకంగా, పరీక్ష రిపోర్టుతో ఇచ్చేవాళ్ళ దగ్గరే కొనండి. కారం విషయమూ ఇలాంటిదే. గుంటూరు మిర్చి కళ్ళంలో వానకి తడిసి బూజు పట్టి ఉంటే అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉండొచ్చు, వేయించినా పోదు. మన దేశంలో మసాలా దినుసులకి మొత్తం అఫ్లటాక్సిన్ కిలోకి 30 మైక్రోగ్రాముల దాకా ఒప్పుకుంటారు, యూరప్‌లో మిర్చికి 10 దాటకూడదు. ఎండుమిర్చిని మీరే కొని, తొడిమ దగ్గర విరిచి లోపల చూసుకుని ఆడించుకుంటే సగం బెడద పోతుంది. పొడిగా వచ్చిన కారాన్ని చూసి ఏమీ చెప్పలేరు. నెలకో ల్యాబ్ పరీక్ష అన్నారే, ఆ డబ్బులో కొంత ఇలాంటి వాటికీ పెట్టండి.

థర్మామీటర్లు నిజం చెప్తున్నాయో లేదో వారానికోసారి చూడండి. గ్లాసు నిండా దంచిన ఐసు, కొద్దిగా నీళ్ళు, బాగా కలిపి పుల్ల గ్లాసు గోడకి తగలకుండా పెడితే 0 చూపించాలి. మరిగే నీళ్ళలో మీకు రాజమండ్రిలో 100 చూపిస్తుంది. ఇదే థర్మామీటర్ హైదరాబాద్ తీసుకెళ్తే 98 దగ్గరే ఆగుతుంది, ఊరు ఎత్తులో ఉంది కాబట్టి. అక్కడ బ్రాంచ్ పెట్టే ఆలోచన ఉందన్నారు గనుక చెప్తున్నా, దాన్ని చూసి థర్మామీటర్ పాడైందనుకోకండి.

నూనె గురించి రెండే మాటలు. వేయించిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్, అంటే నూనె మళ్ళీ మళ్ళీ కాగి పాడైనప్పుడు పుట్టే పదార్థాలు, 25 శాతం దాటకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. టెస్ట్ స్ట్రిప్పులు దొరుకుతాయి, వాడండి. పచ్చడిలో పోసే నూనె మాత్రం వేపుడుకి వాడినది కాకుండా కొత్తదే అయి ఉండాలి. ఇంకా, ఏ నూనె పోశారో లేబుల్ మీద స్పష్టంగా ఉండాలి. వేరుశనగ, నువ్వులు, ఆవాలు పడనివాళ్ళు ఉంటారు. నువ్వుల నూనె అయిపోయిందని ఆ పూటకి వేరుశనగ నూనె పోసి పాత లేబులే అంటించడం చాలా పెద్ద తప్పు. లేబుల్ రోల్ మార్చిన ప్రతిసారీ మొదటి లేబుల్‌ని చించి రిజిస్టర్‌లో అతికించమనండి.

ఇప్పుడు ఎవరు చూడాలి అన్నది. నేను చూసిన యూనిట్లలో మానిటరింగ్ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే, మీటర్ల దగ్గర కాదు. సాధారణంగా ఏం జరుగుతుందంటే, చదువుకున్న అమ్మాయి అని ఆఫీసులో కూర్చునే ఒకరికి రిజిస్టర్ అప్పజెప్తారు. ఆవిడ సాయంత్రం అయిదింటికి వచ్చి రోజంతటి గడులు నింపుతుంది. ఒక చోట, ఊరు పేరు వద్దు, మధ్యాహ్నం మూడింటికి వెళ్ళి చూస్తే సాయంత్రం ఆరు గంటల కోల్డ్ రూమ్ రీడింగ్ అప్పటికే రాసి ఉంది. రాసిన అమ్మాయిని అడిగితే, "ఎప్పుడూ అంతే ఉంటుంది కదండీ" అంది, అబద్ధం చెప్తున్నానన్న ఆలోచన కూడా లేకుండా. ఆ పిల్లని తప్పుపట్టలేం. ఆ అంకె దేనికో ఎవరూ చెప్పలేదు, అంకె తేడాగా ఉంటే ఏం చేయాలో చెప్పలేదు, చేసే అధికారం అంతకన్నా లేదు.

మీ దగ్గర గంగాళం కలిపే ఆవిడే పీహెచ్ చూడాలి. పదో తరగతి చదివినా చాలు, అంకె చూసి గీతకి ఇటా అటా అని చెప్పగలిగితే చాలు. నేర్పించడానికి రెండు రోజులు కూర్చోండి, మంచి బ్యాచ్‌తో పాటు కావాలని నిమ్మరసం తక్కువ వేసిన చిన్న గిన్నె కూడా పెట్టి కొలిపించండి. తేడా అంకె ఎలా ఉంటుందో ఆవిడ కళ్ళతో చూడాలి. ఆవిడ రాని రోజున ఎవరో కూడా పేరు రాసి పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, "4.6 దాటింది, ఆపేశాను" అని ఆవిడ చెప్తే మీరు గానీ మీవారు గానీ "ఈ ఒక్కసారికి పంపేద్దాం, పెళ్ళివారి ఆర్డర్" అనకూడదు. ఒక్కసారి అలా అంటే ఆ తర్వాత మీకు 4.6 దాటిన రీడింగ్ ఎప్పటికీ కనిపించదు. ఆవిడే 4.1 అని రాసేస్తుంది. ఎర్ర చీటీ కట్టినందుకు ఆవిడని అందరి ముందూ మెచ్చుకోండి. చీటీ విప్పే హక్కు ఒక్క మీకే ఉండాలి, అదీ రెండో రీడింగ్ చూశాకే.

రాయడం అయితే చూసిన చోటే, చూసిన నిమిషానే, టిక్కు బదులు అంకెతో. ఒక వరుస ఎలా ఉండాలంటే: బ్యాచ్ పేరు, కలిపిన తేదీ, టైమ్, ఇవాళ చూసిన టైమ్ ఉదయం 11.20, పైన 4.08, మధ్య 4.15, అడుగు 4.11, ముక్క నడిమి 4.14, పొద్దున బఫర్‌లో మీటరు చూపించింది 4.02, సంతకం. ఇంతే. తప్పు పడితే ఒక్క గీత కొట్టి పక్కన రాసి సంతకం పెట్టాలి, వైట్నర్ వాడకూడదు. అంకెలు కొంచెం అటూఇటూ ఊగుతూ ఉంటాయి, ఉండాలి కూడా. ఆడిటర్‌కి ఊగే అంకెలంటేనే నమ్మకం. అప్పుడప్పుడు ఎర్ర చీటీ కట్టిన బ్యాచ్ రిజిస్టర్‌లో కనిపిస్తే దాచకండి, ముందు అదే చూపించండి. ఆ బ్యాచ్ ఏమైందో కిందే రాసి ఉండాలి. రోజు చివర్లో ఆ పేజీని మీరు చదివి, సరుకు బయటికి వెళ్ళకముందే సంతకం పెట్టండి. నెలకోసారి ఒక సీసా ల్యాబ్‌కి పంపి, వాళ్ళ పీహెచ్, మీ పీహెచ్ సరిపోయాయో చూసుకోండి. మీ ల్యాబ్ రిపోర్టుకి సరైన చోటు అది. మీ కాపలా పనిచేస్తోందో లేదో అది చెప్తుంది, కాపలా మాత్రం మీరే కాయాలి.

అమెరికాలో ఉన్న బంధువుల ద్వారా అక్కడ అమ్మాలని కూడా రాశారు. ఆవకాయ, గోంగూర సంగతి వేరు, వాటికి అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిబంధనలు చూసుకుని వెళ్ళవచ్చు. చికెన్ పచ్చడి మాత్రం వద్దు. మాంసం ఉత్పత్తులు అక్కడ వ్యవసాయ శాఖ కిందికి వస్తాయి, కోడి మాంసం పంపడానికి అనుమతి ఉన్న దేశాల జాబితాలో మనం లేం. కొరియర్ వాళ్ళు తీసుకుంటున్నారు కదా అని పంపకండి.

కొత్త పద్ధతి మొదలుపెట్టడానికి ముందు ఒక పని చేయాలి. ఇప్పుడు మీ స్టోర్‌లో ఉన్న చికెన్, రొయ్యల సీసాలు. వాటికి ఏ పీహెచ్ రీడింగూ లేదు. మీటరు వచ్చేదాకా ఒక్కటి కూడా బయటికి పంపకండి. వచ్చాక ప్రతి లాట్ నుంచి రెండు మూడు సీసాలు తీసి పైన చెప్పినట్టు కొలవండి. ఆ పని చేసేవాళ్ళు గ్లౌజులు వేసుకోవాలి, ఎవరూ రుచి చూడకూడదు, వేలితో కూడా. మూత ఉబ్బిన సీసా, తెరిస్తే బుస్సుమన్న సీసా కనిపిస్తే కొలవడం కూడా వద్దు, ఆ లాట్ మొత్తం పారేయాల్సిందే. కొలిచినవాటిలో ఏ ఒక్క సీసా 4.6 దాటినా ఆ లాట్ అంతా అంతే. ఇప్పటికే షాపులకి ఇచ్చినవి ఉంటే ఫోన్ చేసి వెనక్కి తెప్పించండి. పారేసేటప్పుడు కుక్కలకీ కోళ్ళకీ అందేలా పెంట మీద వేయకుండా సీసాలతో సహా లోతుగా గొయ్యి తీసి పూడ్పించండి, ఎన్ని సీసాలు, ఏ లాట్, ఎవరి ఎదుట పూడ్చారో రిజిస్టర్‌లో రాయండి. కొత్త మానిటరింగ్ రిజిస్టర్‌లో మొదటి పేజీ అదే అవుతుంది.